బడికీ, పనిచోటుకీ వచ్చిన నర్సు – లిలియన్ వాల్డ్ జీవితం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• లిలియన్ వాల్డ్ ఎవరో, ఆమె ఏ పరిస్థితుల్లో పనిచేసిందో చెప్పగలుగుతారు.
• బడిలో నర్సు ఉండడం వల్ల పిల్లల చదువు ఎలా నిలబడుతుందో వివరించగలుగుతారు.
• పనిచేసే చోట నర్సు చేసే పనులను గుర్తించగలుగుతారు.
• మీ బడిలో, మీరు పనిచేసే చోట ఉన్న ఆరోగ్య సౌకర్యాలను పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

నర్సు అనగానే మీకు ఏది గుర్తుకు వస్తుంది? ఆసుపత్రి, మంచాల వరస, సూదిమందు గుర్తుకు వస్తాయి. జబ్బు చేసిన తరవాత మనం ఆమె దగ్గరికి వెళతాం. మరి జబ్బు ముదరకముందే నర్సు మన దగ్గరికి వస్తే ఎలా ఉంటుంది? పిల్లవాడు చదివే బడికి, తండ్రి పనిచేసే కార్ఖానాకు, తల్లి ఉండే గదికి ఆమే వస్తే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన వ్యక్తి లిలియన్ వాల్డ్.

ఆమె కథ అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జరిగింది. అయితే అక్కడి పరిస్థితులు మీకు కొత్తగా అనిపించవు. గుజరాత్‌లో తపతి నది ఒడ్డున ఉన్న సూరత్ నగరాన్ని ఒకసారి తలచుకోండి. తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో చేనేత కుటుంబాలు బతుకుదెరువు కోసం అక్కడికి వెళ్ళి మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట వినబడుతుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఊరు కొత్త, భాష కొత్త, అద్దె గది ఇరుకు, రోజంతా మగ్గాల చప్పుడు. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ఆ రోజు కూలి పోతుంది. పిల్లవాడికి జబ్బు చేస్తే బడి పోతుంది.

వంద సంవత్సరాలకు పూర్వం న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేట కూడా దాదాపు ఇలాగే ఉండేది. రష్యా, పోలండ్, రుమేనియా, ఇటలీ దేశాల నుంచి వచ్చిన పేదలు అక్కడ కిక్కిరిసి ఉండేవారు. వారిలో చాలామంది బట్టలు కుట్టి బతికేవారు. ఉన్న రెండు గదులే ఇల్లు, వంటశాల, కుట్టుపని జరిగే చోటు కూడా.

2. బాల్యం, చదువు

లిలియన్ వాల్డ్ 1867 మార్చి 10న అమెరికాలోని సిన్సినాటి నగరంలో జన్మించింది. ఆమెది యూదు కుటుంబం. తండ్రి కళ్ళద్దాలు మొదలైన వస్తువుల వ్యాపారం చేసేవాడు. ఇంట్లో డబ్బుకు గానీ పుస్తకాలకు గానీ కొరత లేదు. తరవాత ఆ కుటుంబం రోచెస్టర్ అనే ఊరికి మారింది. లిలియన్ అక్కడే మంచి బడిలో చదువుకుంది. పదహారేళ్ళ వయసులో పేరున్న ఒక మహిళా కళాశాలలో చేరాలనుకుంది. వయసు చాలదని వారు చేర్చుకోలేదు.

ఆ తరవాత కొన్నేళ్ళు ఆమె జీవితానికి ఒక దారి అంటూ ఏర్పడలేదు. 1889లో ఆమె అక్క కాన్పు సమయంలో ఇంటికి ఒక నర్సు వచ్చింది. ఆ నర్సు పనితనం లిలియన్ దగ్గరుండి చూసింది. తాను చేయవలసిన పని ఇదేనని నిశ్చయించుకుంది. అదే సంవత్సరం న్యూయార్క్ ఆసుపత్రికి చెందిన నర్సుల శిక్షణ పాఠశాలలో చేరి, 1891లో శిక్షణ పూర్తి చేసింది. ఒక సంవత్సరం పాటు పిల్లల ఆశ్రమంలో పనిచేసింది. అక్కడ పిల్లలను చూసే తీరు ఆమెకు నచ్చలేదు. డాక్టరు కావాలని మహిళా వైద్య కళాశాలలో చేరింది.

3. దారి మార్చిన రోజు

వైద్య కళాశాలలో చదువుతూనే ఆమె లోయర్ ఈస్ట్ సైడ్ పేటలోని స్త్రీలకు ఇంట్లో రోగులను ఎలా చూసుకోవాలో నేర్పేది. 1893 మార్చిలో ఒక రోజు ఆమె పాఠం చెబుతూ ఉండగా ఒక చిన్న పిల్ల వచ్చింది. తన తల్లికి బాగాలేదని, వెంటనే రమ్మని పిలిచింది.

లిలియన్ ఆ పిల్ల వెంట వెళ్ళింది. గుంతలు పడిన వీధులు, చెత్త కుప్పలు దాటి, ఒక పాత భవనం వెనక ఉన్న గదులకు చేరింది. రెండు గదుల్లో ఏడుగురు కుటుంబ సభ్యులు, వారితో పాటు అద్దెకున్నవారు కూడా ఉంటున్నారు. తండ్రి వికలాంగుడు. తల్లికి కాన్పయి రెండు రోజులైంది. రక్తస్రావంతో తడిసిన పక్క మీదనే ఆమె పడి ఉంది. ఫీజు ఇవ్వలేకపోయినందున డాక్టరు మధ్యలోనే వెళ్ళిపోయాడు.

లిలియన్ ఆమెను శుభ్రపరచింది. పక్క మార్చింది. బిడ్డకు స్నానం చేయించింది. గది తుడిచింది. ఆమె చేసిన పనిలో పెద్ద విద్య ఏమీ లేదని మీకు అనిపించవచ్చు. కాని ఆ ఇంటికి అప్పటివరకు ఆ మాత్రం సాయం కూడా అందలేదు. ఆ నగరంలో ఆసుపత్రులున్నాయి, డాక్టర్లున్నారు. వారికీ ఈ గదికీ మధ్య దారి మాత్రం లేదు. తాను ఆ దారి కావాలని లిలియన్ అనుకుంది. వైద్య కళాశాల చదువు మానుకుంది. తనతో కలిసి చదివిన మేరీ బ్రూస్టర్ అనే నర్సుతో కలిసి ఆ పేటలోనే ఉండడానికి వచ్చింది.

పాఠ్యగత ప్రశ్నలు – 1
ఖాళీలను పూరించండి.
(అ) లిలియన్ వాల్డ్ ______ సంవత్సరంలో నర్సు శిక్షణ పూర్తి చేసింది.
(ఆ) ఆమెతో కలిసి పేటలో నివసించిన నర్సు పేరు ______.

4. హెన్రీ స్ట్రీట్ ఇల్లు

ఇద్దరు నర్సులూ ఒక అద్దె భవనంలో పై అంతస్తులో గది తీసుకున్నారు. పొరుగువారిలో పొరుగువారిగా ఉన్నారు. కబురు వస్తే మెట్లెక్కి ఇళ్ళకు వెళ్ళేవారు. వారి ఖర్చులను జేకబ్ షిఫ్ అనే బ్యాంకు యజమాని, మరి కొందరు దాతలు భరించారు. చేసిన పని వివరాలను లిలియన్ నెలనెలా షిఫ్‌కు రాసి పంపేది. 1895లో ఆయన హెన్రీ స్ట్రీట్‌లో 265వ నంబరు ఇంటిని ఆ పని కోసం ఇచ్చాడు. ఆ సంస్థకు హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అనే పేరు స్థిరపడింది. ఆ సంస్థ నేటికీ పనిచేస్తోంది.

అక్కడి పద్ధతులను మీరు గమనించాలి.

మొదటిది: నర్సును ఎవరైనా నేరుగా పిలవవచ్చు. డాక్టరు చెబితేనే రావాలన్న నియమం లేదు.
రెండవది: మతం, జాతి, భాష అడగరు.
మూడవది: ఇవ్వగలిగినవారు చిన్న రుసుము ఇస్తారు. ఇవ్వలేనివారికి ఉచితం. రుసుము ఇచ్చినవారు దానం తీసుకున్నామని తలవంచుకోనక్కరలేదు.
నాలుగవది: నర్సు మందు ఇచ్చి వెళ్ళిపోదు. ఆ జబ్బు ఎందుకు వచ్చిందో చూస్తుంది. గాలి రాని గది, మురికి నీరు, చాలని తిండి, విశ్రాంతి లేని పని కూడా ఆమె లెక్కలోకి వస్తాయి.

ఇలాంటి నర్సుకు లిలియన్ వాల్డ్ ప్రజారోగ్య నర్సు అని పేరు పెట్టింది. ఇద్దరితో మొదలైన ఈ సేవలో 1913 నాటికి 92 మంది నర్సులు పనిచేస్తున్నారు. వారు సంవత్సరానికి సుమారు 2 లక్షల సార్లు ఇళ్ళకు వెళ్ళేవారు.

5. బడి గడప దాటలేని పిల్లలు

ఆ పేటలో లూయీ అనే పిల్లవాడు ఉండేవాడు. అతనికి 12 ఏళ్ళు. కాని అక్షరాలు రావు. కారణం ఏమిటి? తల్లిదండ్రులు బడికి పంపలేదా? పంపారు. అతని తల మీద పుండ్లు ఉండేవి. వాటిని చూసి బడివారు ప్రతిసారీ వెనక్కి పంపేవారు. తల్లి వైద్యశాలకు తీసుకువెళ్ళి మందు తెచ్చుకుంది కూడా. కాని దాన్ని ఎలా రాయాలో ఆమెకు ఎవరూ సరిగా చూపించలేదు. లిలియన్ ఆ మందును పద్ధతి ప్రకారం రాసి చూపించింది. పుండ్లు మానాయి. లూయీ మొదటిసారి బడిలో కూర్చున్నాడు. అయితే అప్పటికే విలువైన సంవత్సరాలు గడిచిపోయాయి.

మీలో కొందరికి ఈ సంగతి దగ్గరగా తోచవచ్చు. చిన్నప్పుడు బడి మానవలసి వచ్చినవారు ఈ పుస్తకం చదువుతున్నవారిలో చాలామంది ఉన్నారు. తెలివి లేక మానినవారు తక్కువ. ఇంట్లో జబ్బులు, పేదరికం, పని వల్ల మానినవారే ఎక్కువ. లూయీ విషయంలో అడ్డుపడినది చదువు మీద అయిష్టం కాదు, నయం కాగల చర్మవ్యాధి.

1897 నుంచి న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు పిల్లలను పరీక్షించడం మొదలుపెట్టారు. గజ్జి, తామర, పేలు, కంటి రెప్పల లోపల పొక్కులు వచ్చే ట్రకోమా వంటివి కనిపిస్తే పిల్లలను ఇంటికి పంపేవారు. ఇతరులకు అంటకూడదన్నది వారి ఉద్దేశం. అది న్యాయమైనదే. కాని ఇంటికి పంపిన పిల్లవాడికి వైద్యం చేసే ఏర్పాటు లేదు. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాదు కాబట్టి చేతికిచ్చిన చీటీలో ఏముందో తెలిసేది కాదు. ఆ పిల్లవాడు అదే వీధిలో, అదే పిల్లలతో ఆడుకుంటూ తిరిగేవాడు. అంటే చదువు ఆగింది కాని అంటువ్యాధి ఆగలేదు.

6. లీనా రోజర్స్ – తొలి ప్రయోగం

లిలియన్ వాల్డ్ నగర అధికారులకు ఒక సూచన చేసింది. ఒక నర్సును నెల రోజుల పాటు తమ సంస్థ ఖర్చుతో బడులకు పంపుతానని చెప్పింది. ఫలితం బాగుంటే నగరమే ఆ ఖర్చు భరించేలా చూడాలని కోరింది. ఈ పనికి కెనడాలో పుట్టిన లీనా రోజర్స్ అనే నర్సును ఎంపిక చేసింది. 1902 అక్టోబరులో ఆమెకు నాలుగు బడులు అప్పగించారు. వాటిలో సుమారు 10,000 మంది పిల్లలు ఉన్నారు.

లీనా రోజర్స్ ఏమి చేసిందో వరసగా చూడండి:

(1) డాక్టరు గుర్తించిన పిల్లలకు బడిలోనే పుండ్లు కడిగి, మందు రాసి, కట్టు కట్టింది.
(2) చిన్న జబ్బులు ఉన్నవారిని వెంటనే తరగతికి పంపింది.
(3) ఇంటికి పంపక తప్పని పిల్లల ఇళ్ళకు తానే వెళ్ళింది. మందు ఎలా వాడాలో తల్లికి చేసి చూపించింది.
(4) నయమైన పిల్లవాడు తిరిగి బడికి వచ్చాడో లేదో చూసుకుంది.

నెల తిరగకముందే ఫలితం కనిపించింది. నగర ఆరోగ్య శాఖ ఆమెను, మరి కొంతమంది నర్సులను జీతం మీద నియమించింది. 1902 సెప్టెంబరులో జబ్బుల కారణంగా బడి నుంచి పంపివేసిన పిల్లల సంఖ్య 10,567. 1903 సెప్టెంబరులో ఆ సంఖ్య 1,101. అంటే పదిలో తొమ్మిది వంతులు తగ్గింది. కొత్త మందు ఏదీ రాలేదు. మందుకూ పిల్లవాడికీ మధ్య నిలబడి పనిచేసే మనిషి వచ్చింది.

బడిలో నర్సు అనే ఆలోచన అంతకు ముందే లండన్‌లో కొంత ఆచరణలోకి వచ్చింది. దాన్ని నగర ప్రభుత్వం బాధ్యతగా మార్చడం న్యూయార్క్ ప్రయోగం సాధించిన విశేషం.

పాఠ్యగత ప్రశ్నలు – 2
ఒక వాక్యంలో జవాబు రాయండి.
(అ) లూయీ 12 ఏళ్ళ వరకు బడిలో ఎందుకు చదవలేకపోయాడు?
(ఆ) ఒక సంవత్సరంలో బడి నుంచి పంపివేసిన పిల్లల సంఖ్య ఎంత నుంచి ఎంతకు తగ్గింది?

7. పనిచోటులో ఆరోగ్యం

పిల్లలు చదువుకోవాలంటే తల్లిదండ్రులు ఆరోగ్యంగా పనిచేయగలగాలి. ఈ సంగతి లిలియన్ వాల్డ్‌కు రోజూ కనిపించేది. పనిచోట నర్సును నియమించే పద్ధతికి ఆమె ఆద్యురాలు కాదు. ఇంగ్లండులోని నార్విచ్‌లో కోల్మన్ వారి ఆవాల పొడి కర్మాగారంలో 1878లో ఫిలిప్పా ఫ్లవర్‌డే అనే నర్సు చేరింది. జబ్బు పడిన కార్మికుల ఇళ్ళకు వెళ్ళి చూసి రావడం కూడా ఆమె పనిలో భాగం. అమెరికాలో 1895లో వెర్మాంట్ చలువరాతి కంపెనీ ఏడా స్టివర్ట్ అనే నర్సును నియమించింది. లిలియన్ వాల్డ్ ఈ సేవను ఇంకా విస్తృతం చేసే దారి చూపింది.

ఆ రోజుల్లో మెట్రోపాలిటన్ లైఫ్ అనే బీమా కంపెనీ కార్మికుల నుంచి వారం వారం చిన్న మొత్తాలు వసూలు చేసి బీమా ఇచ్చేది. కార్మికుడికి జబ్బు చేసినపుడు నర్సును పంపితే అకాల మరణాలు తగ్గుతాయి. కుటుంబానికి మేలు. కంపెనీకీ నష్టం తగ్గుతుంది. ఈ లెక్కను లిలియన్ వాల్డ్ కంపెనీ ముందు పెట్టింది. 1909లో హెన్రీ స్ట్రీట్ నర్సులతో ఈ సేవ మొదలైంది. తరవాత అమెరికాలోనూ కెనడాలోనూ ఎన్నో నగరాలకు వ్యాపించి, 1950ల ఆరంభం వరకు సాగింది.

1910లో న్యూయార్క్‌లో కోట్లు కుట్టే కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఒప్పందంలో భాగంగా కుట్టు కర్మాగారాల్లో శుభ్రత, గాలి, వెలుతురు, అగ్నిప్రమాద జాగ్రత్తలు పరిశీలించడానికి ఒక సంయుక్త మండలి ఏర్పడింది. అందులో లిలియన్ వాల్డ్ ప్రజల తరఫున సభ్యురాలు. ఇలాంటి పరిశీలన ఎంత అవసరమో మరుసటి సంవత్సరమే తెలిసింది. 1911 మార్చి 25న అదే నగరంలో ట్రయాంగిల్ అనే కుట్టు కర్మాగారంలో మంటలు లేచాయి. ఒక తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వలస వచ్చిన యువతులు.

ఇంతకూ పనిచోట నర్సు ఏమేమి చేస్తుంది? గాయమైతే ప్రథమ చికిత్స చేస్తుంది. ఏ యంత్రం దగ్గర ఎక్కువ గాయాలు అవుతున్నాయో రాసి ఉంచుతుంది. దుమ్ము వల్ల దగ్గు, చప్పుడు వల్ల వినికిడి తగ్గడం వంటి వాటిని ముందుగా గుర్తిస్తుంది. గర్భిణులకు సలహా ఇస్తుంది. జబ్బు నుంచి కోలుకున్న కార్మికుడు ఏ పని చేయగలడో డాక్టరుతో మాట్లాడి చెబుతుంది.

8. మిగిలిన సేవలు, చివరి రోజులు

బడిలో ఉండవలసిన పిల్లలు కార్ఖానాల్లో ఉండడం లిలియన్ వాల్డ్‌ను బాధించేది. 1904లో ఏర్పడిన జాతీయ బాలకార్మిక సంఘం వ్యవస్థాపకుల్లో ఆమె ఒకరు. పిల్లల సంక్షేమం చూడడానికి కేంద్ర ప్రభుత్వంలో ఒక శాఖ ఉండాలని కొన్నేళ్ళు ప్రయత్నించింది. 1912లో అమెరికా ప్రభుత్వం ఆ శాఖను ఏర్పాటు చేసింది. అదే సంవత్సరం ప్రజారోగ్య నర్సుల జాతీయ సంస్థ ఏర్పడి, ఆమె దానికి తొలి అధ్యక్షురాలైంది.

ఆమెకు ఎదురుదెబ్బలు కూడా తగిలాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె యుద్ధాన్ని వ్యతిరేకించింది. దానితో కొందరు దాతలు విరాళాలు మానుకున్నారు. నర్సుల జీతాలకు డబ్బు సమకూర్చడం కష్టమైంది. అయినా ఆమె తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు, సేవనూ ఆపలేదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చినపుడు నగరంలోని నర్సులను సమీకరించే బాధ్యత ఆమె మీదనే పడింది.

ఆరోగ్యం దెబ్బతిని 1933లో ఆమె హెన్రీ స్ట్రీట్ బాధ్యతల నుంచి తప్పుకుంది. 1940 సెప్టెంబరు 1న వెస్ట్‌పోర్ట్ అనే ఊరిలో మరణించింది.

9. మన దేశంలో

మన దేశంలో బడి పిల్లలకు వైద్య పరీక్షలు 1909లో బరోడా నగరంలో మొదలయ్యాయి. అది సూరత్‌కు దూరమేమీ కాదు. కాని ఈ సేవ దేశమంతటా విస్తరించలేదు. బడుల్లో ఆరోగ్య సేవలు దాదాపు లేవనే 1946లో భోర్ కమిటీ తన నివేదికలో తెలిపింది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దీని కింద డాక్టర్లు, నర్సు లేదా ఏ.ఎన్.ఎమ్. ఉన్న బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్ళి పిల్లలను పరీక్షిస్తాయి. లోపం కనిపిస్తే పై ఆసుపత్రికి పంపుతాయి.

కార్మికుల విషయంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రథమ చికిత్స పెట్టెలను తప్పనిసరి చేసింది. 500 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో నర్సింగ్ సిబ్బందితో కూడిన ప్రత్యేక గది ఉండాలని నిర్దేశించింది. ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. మరమగ్గాల షెడ్లలో చాలావాటిలో పనిచేసేవారి సంఖ్య ఇంతకన్నా ఎంతో తక్కువ. చిన్న షెడ్డులో తగిలే దెబ్బ చిన్నదేమీ కాదు. కాని పెద్ద ఫ్యాక్టరీకి పెట్టిన నియమం దానికి వర్తించలేదు. లిలియన్ వాల్డ్ పేటలోని కుట్టుగదుల సమస్య కూడా ఇదే. అందుకే ఆమె నర్సును ఒక్క యజమానికి అప్పగించలేదు, పేట మొత్తానికి అప్పగించింది.

సూరత్ మనకు మరొక పాఠం కూడా చెబుతుంది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వ్యాపించిందన్న భయంతో లక్షలాది మంది ఊరు విడిచి వెళ్ళారు. వారిలో వలస కార్మికులే ఎక్కువ. 1995 నుంచి కమిషనర్ ఎస్.ఆర్. రావు ఆధ్వర్యంలో నగరపాలక సంస్థ చెత్త తొలగింపును, ఆరోగ్య పర్యవేక్షణను పట్టుదలగా చేపట్టింది. నగరం రూపం మారింది. పేదల పేటల్లో ఆరోగ్యం బాగుంటేనే ఊరంతటికీ క్షేమమని దీనివల్ల తెలుస్తుంది.

సారాంశం

• లిలియన్ వాల్డ్ 1893లో పేదల పేటలో నివసిస్తూ ప్రజారోగ్య నర్సుల సేవ ప్రారంభించింది.
• 1902లో లీనా రోజర్స్ ద్వారా బడికి నర్సును పంపింది. పిల్లలను బడి నుంచి పంపివేయడం బాగా తగ్గింది.
• 1909లో బీమా కంపెనీ ద్వారా కార్మిక కుటుంబాలకు నర్సు సేవ అందేలా చూసింది.
• జబ్బును గుర్తించడంతో పని పూర్తికాదు. వైద్యం అందేవరకు వెంట ఉండాలన్నది ఆమె పద్ధతి.

మీరు చేయండి

మీరు పనిచేసే చోట ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ ఉందో చూడండి. అందులో ఏమేమి ఉన్నాయో, దాని బాధ్యత ఎవరిదో రాయండి. మీ ఇంటి దగ్గరి బడికి ఆరోగ్య బృందం చివరిసారి ఎప్పుడు వచ్చిందో ఉపాధ్యాయులను అడిగి తెలుసుకోండి.

పాఠాంత ప్రశ్నలు

1. నర్సు రాకముందు న్యూయార్క్ బడుల్లో డాక్టర్ల పరీక్ష వల్ల పూర్తి ప్రయోజనం ఎందుకు కలగలేదు?
2. లీనా రోజర్స్ చేసిన పనుల్లో ఏది ముఖ్యమైనదని మీరు అనుకుంటారు? కారణాలు రాయండి.
3. చిన్న షెడ్లలో పనిచేసేవారికి నర్సు సేవ అందాలంటే ఎలాంటి ఏర్పాటు చేయవచ్చు? మీ సొంత మాటల్లో పది వాక్యాలు రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) 1891 (ఆ) మేరీ బ్రూస్టర్
2. (అ) తల మీద పుండ్లు ఉన్నందువల్ల బడివారు అతన్ని వెనక్కి పంపేవారు. (ఆ) 10,567 నుంచి 1,101కి తగ్గింది.